డ్యూసెల్‌డార్ఫ్‌లో గొంతు లేని సమురాయ్

డ్యూసెల్‌డార్ఫ్ వెళ్ళొచ్చి వారమైంది, నా కోపం ఇంకా చల్లారలేదు. ఈ ప్రయాణానికి కారణం మా డాక్టర్ బాబాయ్ గారు. సొంత బాబాయ్ కాదు. డెబ్బైల్లో తెనాలి వైపు నుంచి వచ్చి, జర్మనీలోని మా జీగెన్ ఊళ్ళో పిల్లల డాక్టరుగా చేసి రిటైరైన పెద్దాయన, ఇక్కడి తెలుగువాళ్ళందరికీ బాబాయే. కాలేజీ రోజుల్లో పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవారు. జర్మనీ వచ్చిన కొత్తలో టీవీలో ఒక సమురాయ్ సినిమా చూశారట. హీరో అడుగు వేసిన తీరు చూడగానే ఇతను స్టేజీ మనిషని తెలిసిపోయింది. నోరు విప్పితే మాత్రం ఎవరో జర్మన్ డబ్బింగ్ ఆయన గొంతు. ఆ నటుడి సొంత గొంతు ఒక్కసారి వినాలన్నది అప్పటినుంచీ ఆయన కోరిక. నేను ఇంటర్నెట్టంతా గాలించినా ఆ సినిమా జర్మన్‌లోనే దొరికింది. ఈమధ్య ఆయనకి వినికిడి బాగా తగ్గింది, మిషన్ పెట్టుకున్నా సగమే వినిపిస్తోంది. ఇలాంటప్పుడు డ్యూసెల్‌డార్ఫ్‌లో ఒక చిన్న హాల్లో అదే సినిమా, జపనీస్‌లోనే, కింద జర్మన్ సబ్‌టైటిల్స్‌తో వేస్తున్నారని పోస్టర్ కనబడితే ఆగుతామా?

జీగెన్ నుంచి కొలోన్ దాకా రీజనల్ రైలు, అక్కడ మారి డ్యూసెల్‌డార్ఫ్. మారడంతో కలిపి రెండున్నర గంటలు అనుకోండి. దేశమంతా చెల్లే నెలవారీ పాస్, డాయిచ్‌లాండ్ టికెట్, ఉంటే వేరే ఖర్చు లేదు. స్టేషన్ బయటికి రాగానే జపాన్ వాళ్ళ వీధి, నడిచే దూరమే. ఒక నూడుల్స్ హోటల్లో కూర్చుని, మాంసం లేకుండా ఏముందని వంటాయన్ని అడిగాను.

"సూప్‌లో మాంసం లేదు, కానీ చేపల రసం ఉంటుంది. దోసకాయ పెట్టి అన్నం చుట్టలు చేసిస్తాను" అన్నాడు, నిజాయితీగా. ఆ రోజు మాకు ఉన్నది ఉన్నట్టు చెప్పిన మొదటి మనిషి ఆయనే. బిల్లు ఇద్దరికీ కలిపి ఇరవై యూరోలు దాటలేదు.

హాల్లో సినిమాకి ముందు ఒకావిడ ఆ నటుడి గురించి మాట్లాడింది. కబుకి అంటే ఆటా పాటా కలిసిన జపాన్ పాత నాటకం. అందులో పెద్ద వేషాలు పెద్ద కుటుంబాల వారసులకే. ఇతను వారసుడు కాదు, శిష్యుడు. ఎంత నేర్చినా బల్లెం పట్టుకుని వెనక నిలబడే వేషాలే ఇచ్చారు. విసిగి సినిమాల్లోకి వెళ్ళి, కత్తి పట్టి, పెద్ద స్టారయ్యాడు. ఇంతవరకూ బాగానే ఉంది. చివర్లో ఆవిడ నవ్వుతూ, "పాపం, ఆ నాటకాల అతి నటన మాత్రం ఆయన్ని వదల్లేదు" అంది. హాలంతా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. బాబాయ్ గారు మిషన్ సరిచేసుకుంటూ, "పోన్లే అమ్మాయ్, మనం వినడానికొచ్చాం" అన్నారు.

సినిమా మొదలైంది. హీరో నోరు తెరిచాడు. జర్మన్.

బాబాయ్ గారు నావైపు తిరిగి, "నా మిషన్‌లో ఏమన్నా తేడానా?" అని అడిగారు.  లేచి కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. అక్కడున్నతను తాపీగా, "మాకు ఈ ప్రింటే వచ్చింది. మీకు జర్మన్ బాగానే వచ్చు కదా, ఇంకా సులువు" అన్నాడు.

"అర్థం కావడానికి రాలేదండీ, వినడానికొచ్చాం. పోస్టర్ మీద రాసిందేంటి?"

"డబ్బింగ్ చాలా నాణ్యంగా ఉంటుంది" అన్నాడు. డబ్బింగ్ నాణ్యత గురించి ఒక తెలుగుదానికి చెబుతున్నాడు.

తిరిగొచ్చి, బాబాయ్ గారి కోసం ఆ జర్మన్ గొంతునే భరిస్తూ కూర్చున్నాను. ఆఖరి పోరాటం వచ్చింది. హీరో కాలు తాటించి, తల గిర్రున తిప్పి, కళ్ళు ఉరిమి బొమ్మలా ఆగిపోయాడు. ముందు వరసలో ఒక జపాన్ ముసలాయన గట్టిగా ఏదో పేరు పిలిచాడు. వెనకనుంచి 'ష్' అన్నారు. టార్చి వేసుకొచ్చిన కుర్రది, నిశ్శబ్దంగా ఉండలేకపోతే బయటికి వెళ్ళమంది. ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే బాబాయ్ గారు, ఆయన వెనక నేను.

బయట లాబీలో ఆ పెద్దాయన మాకు జర్మన్‌లో సంజాయిషీ చెప్పాడు. కబుకిలో నటుడు అలా బిగుసుకున్న క్షణంలో అభిమానులు అతని ఇంటి పేరు పెట్టి పిలవాలట. పిలవకపోతే ఆ వేషం సగమేనట. ఆ నటుడు ముసలితనంలో మళ్ళీ స్టేజీ ఎక్కినప్పుడు టోక్యోలో తను చూశాడట.

"అయితే గొంతు విన్నారా? ఎలా ఉండేది?" బాబాయ్ గారు ఆయన చెయ్యి పట్టుకున్నంత పని చేశారు.

జపాన్ పెద్దాయన రెండడుగులు వెనక్కి వేశాడు. కోటు గుండీలు విప్పి, కాళ్ళు ఎడంగా పెట్టి, బొడ్డులోంచి గొంతు తెచ్చి, ఆ నటుడిలాగే ఒక డైలాగు సాగదీసి చెప్పాడు. కౌంటర్ అతను అదిరిపడి చూశాడు. బాబాయ్ గారు మిషన్ తీసి చేత్తో పట్టుకున్నారు. ఆ గొంతుకి దాని అవసరం లేకపోయింది.

"వన్స్ మోర్" అన్నారు, తెనాలి హాల్లో మూడో వరసలో కూర్చున్నట్టు.

ఆయన మళ్ళీ చెప్పాడు.

రైల్లో బాబాయ్ గారు ఆ డైలాగునే గొణుక్కుంటూ వచ్చారు, సంతోషంగా. ఆయనకి అది చాలింది, నాకు చాలలేదు. బతికుండగా ఆ నటుణ్ణి వెనక నిలబెట్టారు, పోయాక గొంతు తీసేశారు, అది విన్న ఒక్క మనిషినీ హాల్లోంచి పంపేశారు. యాభై ఏళ్ళు ఎదురుచూసిన మనిషి, ఎవరో అనుకరించిన రెండు ముక్కలతో తృప్తి పడాల్సి రావడం ఎంత అన్యాయం.

మీరు వెళ్తే ఒక్కటే జాగ్రత్త: పోస్టర్‌ని నమ్మకండి. ముందు రోజే ఫోన్ చేసి, నటుడి గొంతు ఉంటుందా లేదా అని సూటిగా అడగండి. ఆ మాట ఈమెయిల్‌లో పంపమనండి. లేదంటే మీ పెద్దవాళ్ళు కూడా హాల్లో కూర్చుని, తప్పు తమ చెవులదేమో అనుకుంటారు.