ఉల్టా చుట్టాల్సిన తాడు

మా పట్నంలోని తుకుం బజారులో ఇవాళ తాడు కొంటుంటే, వానకు తడిసిన నూలు వాసనకు, ఏభై దగ్గరపడ్డ నా ముక్కు నన్నక్కడే వదిలేసి కోర్పనా పక్కన మా ఊరికి పారిపోయింది. ఆ ఊళ్లో బొంగరం తిప్పడంలో నన్ను మించిన ఆడపిల్ల భూమండలంలో లేదు. పత్తి ఏరేటప్పుడు నేను వదిలిన బొంగరం జొన్నకోతల దాకా ఆగేది కాదు.

మా చిన్నాయన లచ్చన్న కాక బడిలో తెలుగు పంతులు. యుద్ధంలో విమానం నుంచి వదిలితే నీటిమీద కప్పలా గెంతుతూ, అడ్డం కట్టిన వలలు దాటి ఆనకట్టను కొట్టిన బాంబు గురించి పత్రికలో చదివాడు. ఎలా గెంతిందో అందులో లేదు. వానాకాలమంతా సున్నపురాయి గని గుంటలో, మూడు తాలూకాల పాలడబ్బాలన్నింట్లో మన్ను నింపి విసిరి, తానే కనిపెట్టాడు: డబ్బా వెనక్కి గిర్రున తిరుగుతూ పడితే నీరు మింగదు, పైకి తోస్తుంది, ఎదుటి రాతిగోడకు తగిలాక అదే తిరుగుడుతో గోడను కరుచుకుని దిగుతుంది.

మా తాలూకాను హైదరాబాదు నుంచి విడదీసి మరాఠీ వైపు కలిపిన రోజులవి. తెలుగు తరగతి ఉంచాలా, తీసేయాలా చూడటానికి చాందా నుంచి ఒక ఆఫీసరు సాయెబు వచ్చాడు. తెలుగులో సైన్సూ చెప్పొచ్చని చూపాలని కాక ఆయన్ను గుంట దగ్గరికి తీసుకెళ్లాడు. బొంగరానికిలాగే డబ్బాకు తాడు చుట్టి విసిరేవాడు; చుట్టే పని నాది.

"ఉల్టా చుట్టు బిడ్డా. నీ బొంగరం లెక్క చుట్టకు, మర్వకు."

"నాకు జెప్తవా కాకా?" అన్నాను, బొంగరాల మహారాణిని కదా!

సాయెబు నా చేతులకేసే చూస్తున్నాడు. తొందరలో చేతులు అలవాటైన వైపే చుట్టాయి. కాక తాడు కొస పట్టుకుని విసిరాడు. డబ్బా ఒక్క గంతైనా వేయకుండా బుడుంగున మునిగింది.

"బుడాలా," అన్నాడు సాయెబు మరాఠీలో, మునిగిందని.

డబ్బా ఎటు తిరిగిందో కాక చూశాడు. నావైపు మాత్రం చూడలేదు. "నేనే తప్పు చుట్టిన సాబ్, ఇంకోపారి ఏస్త," అన్నాడు. సాయెబు అప్పటికే జీపెక్కాడు.

మరుసటి నెల తెలుగు తరగతి పోయింది, కాకను పెన్‌గంగ ఏరు అవతలి బడికి బదిలీ చేశారు. తరగతి తీసేసే కాగితం సాయెబు ముందే రాసి తెచ్చుకున్నాడని అమ్మ అనేది. కావచ్చు.

ఇప్పుడా గుంట పూడిపోయింది. ఊళ్లో తెలుగు మాట్లాడతారు, చదివేవాళ్లు లేరు. ఆ బాంబునూ వెనక్కే తిప్పి వదిలారని చాన్నాళ్లకు ఎక్కడో చదివాను. చెబుదామంటే కాక లేడు.

కొన్న తాడును దారంతా వేలికి చుట్టుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చి చూస్తే, ఉల్టానే చుట్టి ఉంది.