ఒంటాకు తామర, పసుపు పీలికలు

చదివిందంతా నిజమనీ, ఆ నిజాన్ని నలుగురి చెవినా వేస్తే చాలు లోకం బాగుపడిపోతుందనీ నమ్మే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నాది సరిగ్గా ఆ వయసే. బోటనీలో డిగ్రీ పుచ్చుకుని, ఎన్నూరు దాటాక లోపలికి ఉన్న ఒక పాత రిజర్వు అడవిలో అరుదైన మొక్కల్ని వెతికే తాత్కాలిక ఉద్యోగంలో చేరాను. అడవి అనగానే పులులూ ఏనుగులూ అనుకునేరు. థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపించేంత దూరంలో, లారీలు లేపిన దుమ్ము ఆకుల మీద పేరుకుపోయి, నడుమెత్తు పొదలూ అక్కడక్కడా పాత చెట్లూ, మిగిలిన చోటల్లా సర్కారు తుమ్మా ఉండే అడవి అది. మా చింతాద్రిపేట ఇంటి నుంచి రెండు బస్సులు మారి వెళ్లేదాన్ని. తమిళనాట స్థిరపడ్డ తెలుగువాళ్లం మేం, ముత్తాతల కాలంలో మాది నేతపని. నాయన దాకా వచ్చేసరికి మగ్గం పోయి కుట్టుమిషను వచ్చింది. ఆడవాళ్ల జాకెట్లు కుట్టుకునే నాయనకు, కూతురు అడవిలో ఆకులు వెతికే పని చేస్తోందని చెప్పుకోవడం కష్టంగా ఉండేది. అందుకని ఎవరడిగినా “గవర్నమెంటు పని, బయట చెప్పకూడదంట” అనేవాడు. (దాంతో వీధిలో సగం మంది నన్ను పోలీసు వేగు అనుకున్నారు. మిగతా సగం మంది మాతో మాట్లాడటం తగ్గించారు.)

నేను చేరినప్పటి రూలు నిజంగా మంచి రూలు. అడవిలో ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు ఆ భాగమంతా తాళ్లు కట్టి, వరసలు వరసలుగా నడిచి చూడాలి. ఎండాకాలంలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి. జాబితాలో ఉన్న మొక్క కనబడితే పక్కన గుర్తు పాతాలి. ఆ గుర్తు చుట్టూ పదడుగుల మేర ఎవరూ పారా గడ్డపారా వేయకూడదు. రోజంతా తల వంచుకుని నేల చూస్తూ నడిచి నడిచి, ఆ నడక నాకు ఒంటికి పట్టేసింది. బస్సు దిగి ఇంటికి వచ్చేటప్పుడు కూడా తలెత్తేదాన్ని కాదు. చెవి కమ్మ పోగొట్టుకున్నానేమోనని బస్టాపులో ఎవరో ఒకరు నాతో పాటు వంగి వెతికేవారు. మా వీధిలో మాత్రం “ఈ కాలంలో ఇంత అణకువ గల పిల్ల ఏడ ఉంది” అని మెచ్చుకుని రెండు పెళ్లి సంబంధాలు కూడా తెచ్చారు. వచ్చినవాళ్లు నన్ను తలెత్తి మాట్లాడగా చూసి, మళ్లీ రాలేదు.

ఆడి నెలలో, అంటే మన ఆషాఢం అటూ ఇటూగా, రెండు మంచి వానలు పడ్డాక, ఆ అడవిలో ఒక పాత చెట్టు నీడన నాకు ఒంటాకు తామర కనబడింది. తమిళంలో ఓరిలై తామరై అంటారు. పేరుకే తామర, నీళ్లలో ఉండదు. మట్టిలో గోలీకాయంత దుంప, దాని నుంచి పైకి ఒకే ఒక ఆకు, నేలకు ఆనుకుని అరచేయంత గుండ్రంగా, మడతలు మడతలుగా ఉంటుంది. ఎండాకాలంలో తొలి చినుకు పడగానే ముందు పువ్వు వస్తుంది. పువ్వు వాడి మాయమయ్యాక ఆకు వస్తుంది. ఒకదాని మొహం ఒకటి చూడవు. పుస్తకంలో బొమ్మగా తప్ప ఎప్పుడూ చూడని ఆ మొక్కలు నలభై ఒకటి, ఆ ఒక్క నీడలో. నేను మోకాళ్ల మీద కూర్చుండిపోయి చాలాసేపు లేవలేదు. ఉద్యోగమంటే ఏమిటో, నేను ఎందుకు పనికొస్తానో ఆ రోజు తెలిసినట్టనిపించింది.

గుర్తులు పాతుదామంటే ఆఫీసులో ఎర్ర రిబ్బను అయిపోయింది. ఏ గుడ్డైనా కట్టుకోమన్నారు. ఆడి నెల కదా, అమ్మవారికి మొక్కుకున్న ఆడవాళ్లందరికీ పసుపు జాకెట్లు కుట్టి కుట్టి నాయన మిషను కింద పసుపు పీలికలు కుప్ప పడి ఉన్నాయి. సంచీ నింపుకుని వెళ్లి, నలభై ఒక్క పుల్లలకు నలభై ఒక్క పీలికలు కట్టి ఆకుల పక్కన గుచ్చాను. ముచ్చటగా ఉంది చూడటానికి. పసుపు గుడ్డ కట్టి పాతితే మన జనం దాన్ని ఏమనుకుంటారో, అమ్మవారి జాకెట్లు కుట్టే ఇంట్లో పుట్టిన నాకు తట్టకపోవడమే ఇందులో విచిత్రం. చదువు అంతగా నా తలకెక్కింది.

పీలికలు కట్టి పది రోజులు కాలేదు, రూలు మారింది. మా అడవి బాధ్యత చూసే ఆఫీసరును మేం చాటుగా సర్క్యులర్ సారు అనేవాళ్లం, ఏ మాటకైనా జేబులోంచి ఒక కాగితం తీసేవాడు గనక. (ఆయనది తమిళమే. ఆ మాటల్ని నేను తెలుగులో చెబుతున్నాను.) ఇకమీదట పనికి ముందు నడిచి చూడటాలు అక్కర్లేదని ఈసారి తీసిన కాగితంలో ఉంది. పాత రిజిస్టరులో పేరున్న చోట్లను మాత్రం కాపాడితే చాలు. కొత్త చోటు రిజిస్టరులోకి ఎక్కాలంటే ఇద్దరు సాక్షులు ఆ మొక్కను పువ్వుతో సహా చూసి సంతకం పెట్టాలి.

“సార్, ఇప్పుడు ఆకులున్నాయి. పువ్వులు ఎండాకాలంలో వచ్చి పోయాయి” అన్నాను.

“ఆకూ పువ్వూ రెండూ ఉన్నప్పుడు వచ్చి చెప్పమ్మా.”

“ఈ మొక్కకు రెండూ ఒకేసారి ఉండవు సార్.”

ఆయన కాగితం మళ్లీ ఒకసారి చదివి, నా వైపు జాలిగా చూశాడు. “అట్లాంటి మొక్క ఈ సర్క్యులర్‌లో లేదమ్మా” అని, నన్ను ఆఫీసులో కూర్చుని పాత జాబితాలు తిరగరాయమన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. రూలుకు ముందు ఒక మాట, తర్వాత ఒక మాట అనేవాడూ కాదు. రూలు ఎటు తిరిగితే అటు తిరిగేవాడు, అంతే.

ఈలోపు సర్కారు తుమ్మను వేళ్లతో సహా పెకలించడానికి తొండియార్‌పేట నుంచి పన్నెండు మంది ఆడవాళ్లు వచ్చారు. అందరూ తెలుగు మాట్లాడే మనవాళ్లే. వాళ్లకు పెద్ద ఒకామె ఉండేది, అందరూ పెద్దమ్మ అనేవారు. తుమ్మ తీయడం మంచి పనే, నేనేమీ కాదనను. కానీ ఆ గడ్డపారలు నా చెట్టు నీడ దాకా వచ్చి ఉంటాయని తలుచుకుంటే నాకు అన్నం సయించలేదు. నాలుగో రోజు ఆఫీసులో కడుపునొప్పి అని చెప్పి అడవికి పరిగెత్తాను. చూస్తే చుట్టూ అంతా తవ్వి ఉంది. నా నలభై ఒక్క పీలికలు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ చోటంతా ఊడ్చినట్టు శుభ్రంగా ఉంది. ఇన్నాళ్లకు ఒకరు నా పనిని గౌరవించారు గదా అని కళ్లలో నీళ్లు తిరిగాయి.

“పాపా, చెప్పులు ఇప్పి రా” అంది వెనక నుంచి పెద్దమ్మ.

“ఎందుకు పెద్దమ్మా?”

“ఎవురో అమ్మకి మొక్కుకోని ముడుపులు కట్టుండారు. ఈడ గడ్డపార ఎయ్యకూడదు. సారు కూడా వచ్చి చూసి, చెంపలేసుకోని గమ్మున ఎళ్లిపోయినాడు.”

ఇప్పుడైతే ఆ మాట విని చెప్పులు విప్పి, నేనూ చెంపలేసుకుని ఇంటికొచ్చి హాయిగా పడుకునేదాన్ని. అప్పుడు నాకు చిర్రెత్తింది. నా మొక్కను కాపాడింది నా సర్వే కాదు, నా చదువు కాదు, నాయన మిషను కింద పోగైన పీలిక అని తెలిసి రోషం వచ్చింది. అందర్నీ కూర్చోబెట్టి క్లాసు పీకాను. దుంప గురించి, ఆకు గురించి, ఇది నశిస్తే మళ్లీ రాదనే సంగతి గురించి, అన్నీ. ఇది ముడుపు కాదు, దేవుడి గుడ్డ కాదు, జాకెట్టు కుట్టగా మిగిలిన ముక్క అని పీలికను చేత్తో లాగి మరీ చూపించాను. పెద్దమ్మ అంతా శ్రద్ధగా విన్నది.

“అంటే నువ్వే కట్టినావా?”

“నేనే.”

“ఈడ తవ్వొద్దని రూలు ఉండాదా?”

“ఉండేది పెద్దమ్మా” అన్నాను.

“ఇప్పుడు లేదు గదా.”

“రేపు పై ఆఫీసుకు పోయి పేరు రాయించుకోని వస్తాను. అంతదాకా ఆగండి.”

“మేము ఆగుతాం పాపా. సారు ఆగల్ల గదా. అమ్మ కోసరమంటే ఆగినాడు. నీ కోసరం ఆగతాడా?” అంది. ఎగతాళిగా అనలేదు. నిజంగానే ఆలోచించి అడిగింది.

మర్నాడు పై ఆఫీసు వరండాలో బెంచీ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాను. చివరికి లోపలికి పిలిచి, పువ్వుతో రమ్మన్నారు. ఆ పై రోజు అడవికి వెళ్లేసరికి అంతా అయిపోయింది. అవి జాకెట్టు పీలికలని సర్క్యులర్ సారు చెవిన పడింది. రిజిస్టరులో పేరు లేదు, దేవుడూ లేడు, ఇక ఆలస్యమెందుకన్నాడట. మట్టి తిరగబడి ఉంది. గోలీకాయల్లాంటి దుంపలు ఎండలో తెల్లగా పడి ఉన్నాయి. వాళ్ల తప్పేమీ లేదు. అక్కడున్న ఒక్క రక్షణనూ నా నోటితో నేనే తీసేశాను. ఆ మట్టిలో కూర్చుని ఏడ్చాను. పెద్దమ్మ వచ్చి పక్కన కూర్చుని, కొంగులోంచి ఒక మూట తీసి నా ఒళ్లో పెట్టింది. పీలికలు. అన్నిటినీ పుల్లల నుంచి విప్పి, ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి తెచ్చింది.

“మీ నాయన గుడ్డలు పాపా. పారెయ్యలేదు” అంది.

చేతికందిన దుంపల్ని ఏరుకుని ఇంటికి తెచ్చి కుండీల్లో పెట్టాను. (రిజర్వు అడవి నుంచి దుంప తేవడం రూలుకు విరుద్ధం. ఆ రూలు మాత్రం ఎప్పుడూ మారలేదు.) నాయన వాటి మీద నాకంటే ఎక్కువ ప్రేమ పెట్టుకుని, పూటపూటా నీళ్లు పోసి, నెల తిరగకుండా అన్నిటినీ కుళ్లబెట్టాడు. కోప్పడటానికి నాకు నోరు రాలేదు. నేను మాటలు ఎక్కువ పోసి పాడుచేశాను, ఆయన నీళ్లు ఎక్కువ పోశాడు. ఒకే ఇంటివాళ్లం కదా.

ఏడుపు తగ్గాక ఇంట్లో పీలికలు లెక్కపెట్టాను. నలభై ఉన్నాయి. ఒకటి ఎక్కడో పడిపోయిందనుకున్నాను. ఎండాకాలంలో తొలి వాన పడ్డ నాలుగో రోజున, నా ఉద్యోగం గడువు ముగియడానికి వారం ముందు, ఇంకా ఆ అడవిలోనే తుమ్మ తీస్తున్న పెద్దమ్మ ఫోను చేసింది.

“పాపా, పువ్వు వచ్చిండాది. బిరాన రా.”

చెట్టు మొదట్లో, రెండు వేళ్ల సందున, రంగు వెలిసిన పసుపు పీలిక ఒకటి. దాని పక్కన ఆకు లేకుండా సన్నటి కాడ. దాని తలమీద లేత ఆకుపచ్చ పువ్వు ఒకే ఒకటి, తల వంచుకుని. “అన్నీ తీసినాం గానీ ఈ ఒక్కటీ నేను తీయనీయలేదు” అంది పెద్దమ్మ. “నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటాది. కానీ ఒకేళ అమ్మ ఉంటే?” అంతా తెలుసనుకున్న నేను నలభై మొక్కల్ని పోగొట్టాను. ఒకవేళ అని అనుకోగలిగిన ఆమె ఒకదాన్ని నిలబెట్టింది. సర్క్యులర్ సారును అక్కడికే పిలుచుకొచ్చాను. ఆయన పువ్వును చూసి, కాగితాన్ని చూసి, రిజిస్టరు తెరిచాడు. మొదటి సాక్షిగా నేను సంతకం పెట్టాను. రెండో సాక్షి చోట పెద్దమ్మ తన పేరును నాలుక కొరుక్కుంటూ, ఒక్కో అక్షరం ఆగి ఆగి, చక్కగా రాసింది.

ఆ తర్వాత రూలు ఎన్నిసార్లు మారిందో నేను పట్టించుకోవడం మానేశాను. ఇప్పుడు ఎవరూ నడవరు. కంప్యూటరులో మ్యాపు చూసి, అరుదైనవి ఉన్న చోట్లకు ఒక రంగు, లేనివాటికి ఒక రంగు వేస్తారు. రిజిస్టరులో పేరున్నా, ఆ పాత చెట్టు ఉన్న చోటికి ఏమీ లేదనే రంగు పడిందని విన్నాను. పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు, అంత దూరం రాలేదు. నాయన కుట్టడం మానేశాడు గానీ, ఏటా ఆడి నెలలో నా కోసమని ఒక పసుపు పీలిక కత్తిరించి పెడతాడు. ఎందుకని అడగడు. ఈ ఏడు నేను పాఠం చెప్పే కాలేజీ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఒంటరి ఆకు ఇప్పుడు ఏడు ఆకులైంది. పక్కన పుల్లకు పాత పీలిక విప్పి కొత్తది కడుతుంటే, ఒక పిల్ల అచ్చం ఒకప్పటి నాలాగే ముక్కు ఎగరేసి, ఇది ఏ అమ్మవారి ముడుపు మేడమ్, మీరు కూడా ఇవన్నీ నమ్ముతారా అని అడిగింది. దుంప నుంచి పువ్వు దాకా మొత్తం పాఠం నా గొంతు దాకా వచ్చింది. దూరంగా తుమ్మ నరికేవాళ్లు పని ఆపి మా వైపే చూస్తున్నారు.

“ఏ అమ్మవారో నాకూ తెలియదమ్మా. చెప్పులు విప్పి రండి” అన్నాను, ముందుగా నావి విప్పుతూ.