సెలవు కాపాడిన నాడా

ఒకప్పుడు మన దేశ సరిహద్దును ఒక పైజామా బొందు, అదే నాడా, కాపాడింది. సరే, సరిహద్దును కాదులెండి, హవల్దార్ ఖాలిద్ పెళ్లి సెలవును. రిటైరై మార్కాపురంలో కుట్టుమిషన్లు బాగుచేస్తున్న ఖాలిద్, ఈనాటికీ మిషన్ సందుల్ని పాత టూత్‌బ్రష్షుతో తోమి, గడ్డం గీసుకునే బ్రష్షుతో దుమ్ము దులిపి, చిరిగిన బనియన్ గుడ్డతో తుడిచి, ఒక కన్ను మూసి లోపలికి చూస్తాడు. అవన్నీ పటాలంలో తుపాకీ తుడిచిన అలవాట్లే. అప్పట్లో, పెళ్లికి ఇంకా ఐదు రోజులుందనగా, తుపాకీ గొట్టంలోంచి గుడ్డను లాగే తాడు పుటుక్కున తెగింది. కాసేపట్లో తనిఖీ. గొట్టంలో మసి కనబడితే సెలవు రద్దు. ఖాలిద్ ట్రంకుపెట్టె తెరిచి, పెళ్లి పైజామాలోంచి కొత్త నాడా లాగాడు. బరువు కోసం ఒక కొసకు సన్న మేకు, రెండో కొసకు బనియన్ పీలిక కట్టి, గొట్టాన్ని అద్దంలా మెరిపించాడు. సెలవు దొరికింది. మసిపట్టిన నాడాను అక్కడే పారేసిన సంగతి, నిఖా పొద్దున పైజామా తొడుక్కునేదాకా గుర్తుకు రాలేదు. ఒక చేత్తో నడుము పట్టుకునే "కబూల్" అన్నాడు.

దుకాణానికి టీ తెచ్చిన ఆయన భార్య లాల్బీ, నేను చెబుతున్న ఈ కథ విని పడీపడీ నవ్వింది. "ఏం జీ, అందుకేనా పెళ్లి ఫోటోలన్నిట్లో నడుం పట్టుకోనుండారు?"

ఖాలిద్ మిషన్ మీంచి తలెత్తలేదు.

"అంతా అబద్ధం. ఆ పొద్దు నేను పైజామానే ఏసుకోలేదు, లుంగీ కట్టుకున్నా."