మా వియ్యపురాలి పేషెంటు

మా వియ్యపురాలు పోయారు. హాస్పిటల్ నుంచి అల్లుడు ఫోన్ చేసి ఆ మాట చెప్పినప్పుడు నేను మస్కట్ నగరం దార్సైట్‌లోని మా ఫ్లాట్లో, గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో ఒక చచ్చిన ఎలుకను ముంచి పట్టుకుని ఉన్నాను. చదివేవారికి ఇది అమర్యాదగా తోచవచ్చు. ఆవిడకు తోచదు. "వార్డులో ఏడుపులుంటాయండీ, డ్యూటీ ఆగదు" అనేవారు. ఫోన్ పెట్టేసి, ఎలుకను తుడిచి పాముకు అందించాను. అది ముట్టలేదు. కవరులో కట్టి చెత్తలో వేశాను. ఒకసారి ఐస్ వదిలినదాన్ని మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. అదీ ఆవిడ మాటే. ఆ తర్వాతే కూర్చుని ఏడ్చాను.

పాము సంగతి చెప్పకుండా ఆవిడ సంగతి చెప్పడం నాకు చేతకాదు. పాము మా మనవరాలిది. నారింజ రంగు ఒంటిమీద ఎర్రటి మచ్చలు, విషం లేదు, ఒకప్పటి నా జడంత మందం. ముచ్చటపడి కొనుక్కుంది, పెంచింది, సోహార్‌లో ఉద్యోగం రాగానే ఒకే ఇంట్లో ఉన్న అమ్మమ్మకూ నాన్నమ్మకూ అప్పగించి వెళ్ళిపోయింది. కంపెనీవాళ్ళిచ్చిన రూమ్‌లో పాములను ఉండనివ్వరట. "వారానికి ఒక్క పూటే కదా దాని భోజనం" అంది, మేమేదో రోజుకు నాలుగు పూటలు తింటున్నట్టు.

ఆ భోజనం ఎలుకలు. చంపి గడ్డకట్టించి ప్యాకెట్లలో అమ్ముతారు, అల్ మవాలేలో పెంపుడు జంతువుల సామాను అమ్మే ఒక దుకాణంలో. మొదటి ప్యాకెట్టు వచ్చి మా ఫ్రిజ్‌లో నా గోంగూర పక్కన పడుకుంది. మాది ఉల్లిపాయను కూడా ఆలోచించి కోసే కుటుంబం. నేను ఆ పూట వంట మానేశాను.

అప్పటికి మా వియ్యపురాలికీ నాకూ మధ్య ఉన్నది మర్యాద మాత్రమే. పిల్లలు ప్రేమించి చేసుకున్న పెళ్ళి. ఆ రోజు మేమిద్దరం ఒకరికొకరం పెట్టుకున్న నమస్కారాల్లో ఏ మతానికి చెందిన భక్తీ లేదు. ఆవిడది కాకినాడ వైపు. మస్కట్‌లో ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. తెల్లవారగానే ఆవిడ బైబిలు పైకి చదివేవారు, నేను సహస్రనామం అంతకంటే పైకి చదివేదాన్ని. ఇద్దరు దేవుళ్ళకూ నిద్ర చెడేది.

ఎలుకల తగాదాలో ఆవిడ నా పక్షం తీసుకుంటారని అనుకోలేదు. "రక్తం బ్యాగుల పక్కన టిఫిను డబ్బా పెట్టిందని ఒక పిల్లని ఏడిపించినదాన్నండీ నేను. గోంగూర పక్కన ఎలుకేంటి?" అని కొడుకు చేత చిన్న ఫ్రీజరు కొనిపించి స్టోరు గదిలో పెట్టించారు. మూత బిగిసే డబ్బా వేరు, గిన్నె వేరు, పట్టకారు వేరు, తోమే పీచు వేరు. పని అయ్యాక మోచేతుల దాకా సబ్బు.

"మా అమ్మ మడి కూడా ఇంత కఠినం కాదండీ" అన్నాను.

"ఎలుక మురికి కాదండీ వదినగారూ, అజాగ్రత్త మురికి" అన్నారు.

ఆ మాటతో ఆవిడ నాకు నచ్చారు. చెప్పలేదు. చెబితే నెత్తికెక్కే రకం.

పామును ఆవిడ పేషెంటు అనేవారు. పేషెంటు భోజనం ఒక పద్ధతిలో జరిగేది. ఎలుకను కవరుతో సహా చన్నీళ్ళలో వేసి ఐస్ పూర్తిగా వదలనివ్వాలి. తర్వాత గోరువెచ్చని నీళ్ళలోకి మార్చాలి. ఆ వెచ్చదనం, పసిపిల్లకు నీళ్ళు పోసే ముందు చూసినట్టు, మోచేత్తో చూడాలి. పొట్ట నొక్కితే లోపల గట్టిగా తగలకూడదు. తడి తుడవాలి. తొందరగా అవుతుందని ఒకసారి మా అమ్మాయి మైక్రోవేవ్ మాట ఎత్తింది. "దాంట్లో పెడితే బయట చల్లగా ఉండి లోపల ఉడుకుద్దమ్మా. పేషెంటుకి మన తొందరతో పనిలేదు" అన్నారు. ఆ తర్వాత ఆ మాట మా ఇంట్లో అన్నిటికీ వాడాం, అల్లుడి ఆఫీసు కష్టాలతో సహా.

రెండేళ్ళ కిందట ఆవిడ చేతులు వణకడం మొదలుపెట్టాయి. ముందు కప్పు కింద సాసరు చప్పుడు చేసింది. తర్వాత చారు గిన్నె జారింది. ఆ రోజు అల్లుడు మెత్తగానే అన్నాడు: "అమ్మా, ఇంక నువ్వు ఆ పాము జోలికి వెళ్ళకు. కాకినాడలో చెల్లి దగ్గర ఉండి రెస్ట్ తీసుకో. టికెట్ చూస్తాను."

ఆవిడ లేచి స్టోరు గదిలోకి వెళ్ళిపోయారు. నేను వెనకే వెళ్ళి చూస్తే ఫ్రీజరు మీద చెయ్యి ఆన్చి నిలబడి ఉన్నారు. చెయ్యి కదలకుండా ఉండాలని కాబోలు.

"రెస్టంటండీ. జీవితమంతా నేను పేషెంట్లకి చెప్పిన మాట వాడు నాకు చెబుతున్నాడు. అక్కడ నన్ను కుర్చీలో కూచోబెట్టి అరటిపండు వొలిచి పెడతారండీ వదినగారూ. ఈ ఇంట్లో నా డ్యూటీ అని ఉన్నది ఇదొక్కటే. ఇదీ పోతే నేను సామాన్నేనండి."

"ఊరుకోండి. పట్టకారు నేను పట్టుకుంటాను. మీరు పక్కన నిలబడి అధికారం చెయ్యండి. అది మీకు వచ్చిన పనే కదా. ఎవరికీ చెప్పొద్దు."

"మీరా? వంకాయలో పురుగు కనిపిస్తే వంటింట్లోంచి పారిపోయే మనిషి!"

"ఆ పురుగు బతికుంటుంది కదండీ" అన్నాను.

అప్పుడు నవ్వారు.

నా మొదటి డ్యూటీ మండు వేసవిలో పడింది. చన్నీళ్ళు అన్నారు కదా అని చన్నీళ్ళ కుళాయి తిప్పాను. వేసవిలో ఇక్కడ చన్నీళ్ళ కుళాయిలో డాబా మీది ట్యాంకులో కాగిన నీళ్ళు వస్తాయి. చల్లటి నీళ్ళు కావాలంటే ఆపేసిన గీజరు కుళాయి తిప్పాలి. మస్కట్‌లో ఇది చంటిపిల్లలకు కూడా తెలుసు. నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, నాకు తెలియదు. ఆవిడ గిన్నెలోకి తొంగిచూసి, "ఆయ్, పులుసు పెట్టేశారాండీ?" అన్నారు.

ఇంకో ఎలుకను పద్ధతిగా తయారుచేసి, తోక దగ్గర పట్టకారుతో పట్టి గాజు పెట్టెలోకి దించాను. నాది బోర్డు మీద స్కేలు లేకుండా తిన్నగా గీత గీసిన చెయ్యి. ఎలుక వంకీకి తగిలించిన సంచిలా కదలకుండా వేలాడింది. పాము దాన్ని చూసింది, నన్ను చూసింది, నీళ్ళ గిన్నె వైపు తిరిగి పడుకుంది.

"మీ చేతిలో మరీ చచ్చిపోయిందండీ వదినగారూ."

"మీ చేతిలో అయితే లేచి కూచుంటుందేమిటి?" అన్నాను ఒళ్ళు మండి.

ఆవిడ పట్టకారు అందుకున్నారు. చెయ్యి వణికింది. వణుకు పట్టకారులోంచి ఎలుకలోకి దిగింది. కాళ్ళు అల్లాడాయి, మీసాలు కదిలాయి. పాము తల ఎత్తింది. మరుక్షణం ఎలుక దాని చుట్టల మధ్య ఉంది.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇక దాచాల్సిన అవసరం ఎవరికుంది?

ఆ వచ్చే శుక్రవారం అల్లుణ్ణి పిలిచి, నువ్వే పెట్టు నాయనా అన్నాను. ఆఫీసులో అందరూ అతని మాట వింటారట. పాము వినలేదు, దాక్కోవడానికి పెట్టెలో పెట్టిన చెక్క కిందకు దూరింది. "ఇప్పుడు మీ అమ్మకివ్వు" అన్నాను. ఆవిడ పట్టకారు పట్టుకోవడం, పాము బయటికి రావడం, ఎలుక మాయమవడం అతని కళ్ళ ముందే జరిగాయి.

"బాబూ, కాకినాడకు పంపాలంటే ఇద్దరికీ టికెట్లు తియ్యాలి. పాముకు కిటికీ పక్క సీటు ఇస్తారేమో కనుక్కో."

అతను నవ్వాడు. నవ్వు ఆగాక తల్లి చేతి వైపు చాలాసేపు చూశాడు. "సరేలేమ్మా, నీ పేషెంటుని నువ్వే చూసుకో" అన్నాడు. మళ్ళీ టికెట్ మాట ఎత్తలేదు. డాక్టరు వణుకు తగ్గడానికి మాత్రలు రాశాడు. మాత్ర ఆలస్యమైతే మా అందరినీ కడిగేసే మనిషి, భోజనం రోజున మాత్రం తన మాత్ర కాస్త వెనక్కి జరిపేవారు. అడిగితే, "ముందు పేషెంటండీ, తర్వాతే నర్సు" అనేవారు. వైద్యశాస్త్రం దీన్ని ఒప్పుకోదు. ఆవిడకు అది నాకంటే బాగా తెలుసు.

చివరికి వణుకుతో కాదు, గుండెతో పోయారు. చర్చివాళ్ళు ఇక్కడ ప్రార్థన జరిపాక, అమ్మాయీ అల్లుడూ ఆవిడను కాకినాడ తీసుకువెళ్ళారు, భర్త సమాధి పక్కన పెట్టడానికి. మనవరాలికి సెలవు దొరకలేదు. వారాంతానికి సోహార్ నుంచి వచ్చి, ఏడ్చి, మొహం కడుక్కుని గాజు పెట్టె ముందు కూర్చుంది.

"అమ్మమ్మా, నాన్నమ్మ పోయినప్పటినుంచి ఇది ఏమీ తినలేదు కదా. షాపతనికి ఇచ్చేద్దామా? ఇంట్లో దీన్ని చూసేవాళ్ళు ఎవరున్నారు?"

"ముందు దాని భోజనం సంగతి చూడనివ్వు" అన్నాను.

గీజరు కుళాయి నీళ్ళు. తర్వాత గోరువెచ్చనివి. మోచెయ్యి. తుడిచి ఇస్తే, మనవరాలు పట్టకారుతో పట్టి భజనలో తాళాలు వాయించినట్టు ఊపింది. పాము చెక్క కిందనుంచి రాలేదు.

"వణుకంటే ఊపడం కాదే. ఇలా తే."

రోజూ ఎదురుగా కూర్చుని టీ తాగిన దాన్ని, ఆ వణుకు నాకు తెలుసు. బొటనవేలి మొదట్లో పుడుతుంది. మణికట్టు దాకా వచ్చి, ఆగిపోయినట్టే ఆగి, మళ్ళీ బయలుదేరుతుంది. సమంగా ఉండదు. వయసులో ఆవిడకంటే పెద్దదాన్నయినా నా చేతికి ఇంకా వణకడం రాదు. నేర్పాను. మొదట నాటకంలా వచ్చింది. మనవరాలు నవ్వబోయి, నా చెయ్యి చూసి మానేసింది.

చెక్క కిందనుంచి నాలుక కనిపించింది. తర్వాత తల. పట్టకారు ఒక్కసారిగా తేలికైంది.

"అమ్మమ్మా, తీసేసుకుంది" అంది మనవరాలు గుసగుసగా. ఇంకాసేపటికి, "తినేస్తోంది కదా, ఇంక ఆపు" అంది.

ఆపాననే అనుకున్నాను. ఖాళీ పట్టకారు కొనలు రెండూ ఒకదానికొకటి తగులుతూ, సన్నగా చప్పుడు చేస్తూనే ఉన్నాయి.