పది లక్షల తొమ్మిది

పెనుకొండ హైస్కూల్లో లెక్కలు చెప్పే గంగాధరప్పకు పది లక్షల తొమ్మిది అంటే ప్రాణం. ఒకటీ, ఆ సంఖ్యా తప్ప దాన్ని భాగించేది ఇంకేదీ లేదని, అది ప్రధాన సంఖ్య అని ఏటా పిల్లలకు చెప్పేవాడు. దానికి వెయ్యి లోపలి ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు; అవి నూట అరవై ఎనిమిది. వయసులో ఉన్నప్పుడు ఒక ఎండాకాలమంతా కూర్చుని వాటన్నిటితోనూ భాగించాడు.

పరిగి రైతుబిడ్డ నీలావతి ఆయన దగ్గరే చదివి, ధర్మవరంలో చిన్నబడి టీచరైంది. 1958లో ఒక పాత పుస్తకంలో ఆమెకు ఒక సూత్రం దొరికింది. ఏ సంఖ్యనైనా రెండు వర్గాల మొత్తంగా రెండు విధాలుగా రాయగలిగితే అది ప్రధాన సంఖ్య కాదు. వెయ్యి వర్గానికి మూడు వర్గం కలిపితే పది లక్షల తొమ్మిది వస్తుంది. ఇలాంటి దానికి రెండో విధం లేకపోతే అది ప్రధాన సంఖ్యే. రెండో విధం లేదని తేల్చి, ఆ ఏడాది రిటైరవుతున్న అయ్యవారికి ఆ కాగితం ఇవ్వాలనుకుంది.

ఒక్కో వర్గాన్నీ తీసివేసి, మిగిలింది వర్గమవుతుందేమో చూస్తూ పోయింది. పొయ్యి మీద అన్నం మాడింది. బడిలో హాజరు పిలుస్తూ మధ్యలో ఆగిపోయేది. రెండు వందల ముప్పై అయిదు దగ్గర చెయ్యి నిలిచిపోయింది. దాని వర్గం తీసేస్తే మిగిలింది సరిగ్గా తొమ్మిది వందల డెబ్బై రెండు వర్గం.

ఇక స్థిమితం లేదు. చిన్న ప్రధాన సంఖ్యల నుంచి మొదలుపెట్టి మళ్లీ భాగించింది. రెండు వందల తొంభై మూడుతో భాగిస్తే శేషం మిగల్లేదు. ఉత్తరం రాసి చించేసింది. రెండు ఆదివారాలు స్టేషన్ దాకా వెళ్లి, టికెట్టు తీసుకోకుండానే తిరిగొచ్చింది. మూడో ఆదివారం రైలెక్కింది.

ఆమె చెప్పింది విని గంగాధరప్ప రేకుపెట్టెలోంచి పాత నోటుబుక్కు తీశాడు. రెండు వందల తొంభై మూడుతో భాగించిన పేజీలో ఆమె వేలు పెట్టింది. మూడు వందల ఎనభైలో రెండు వందల తొంభై మూడు పోతే ఎనభై ఏడు. అక్కడ డెబ్బై ఏడని ఉంది.

"ఈడ తప్పినాను," అన్నాడాయన. "నీకు తెలిసి ఎన్ని దినాలాయమ్మా?" అని అడిగాడు.

"పదిహేడు దినాలు, అయ్యవారూ. చెప్పేకి ధైర్యం చాల్లేదు."

"నేను ముప్పై ఏండ్లు తప్పు చెప్తాంటే నువ్వు పదిహేడు దినాలు నిద్ర పోకుండా ఉండావా?"

మర్నాడు ఆయన క్లాసులో బోర్డు మీద 293 × 3413 అని రాసి, కనిపెట్టిందెవరో చెప్పాడు. అడ్రసు తెలిసిన పాత శిష్యులందరికీ కార్డులు రాశాడు. హిందూపురం నుంచి దాసప్ప అనే శిష్యుడు, తను అప్పుడే సరిచూసి ఉండాల్సిందని జవాబిచ్చాడు.

నోటుబుక్కు మాత్రం ఆయన నీలావతికే ఇచ్చి, మిగతావి కూడా చూడమన్నాడు. ఆ వేసవి సెలవుల్లో ఆమె పరిగిలో కూర్చుని అన్ని భాగహారాలూ మళ్లీ చేసింది. ఇంకో రెండు పొరపాట్లు దొరికాయి గానీ, వాటిని దిద్దినా శేషం మిగిలింది. ఆ మాట కార్డు మీద రాసి అదే పూట అయ్యవారికి పోస్టు చేసింది.