ఎందాకా?

ఆ రోజు పొద్దున పిన్ని చేసిన ఆఖరి పని పాల ప్యాకెట్టు తేవడం. కొట్టు వీధి మలుపులోనే ఉన్నా, వెళ్ళిన మనిషి ఎంతకీ రాలేదు. వచ్చాక, ఆఫీసుకు టైమైపోతోందన్న చిరాకులో, "పాలకెళ్ళావా, ఆవుని వెతకడానికెళ్ళావా పిన్నీ?" అన్నాడు ఆమె అక్క కొడుకు. ఆమె గుమ్మం పట్టుకుని ఆయాసపడుతూనే నవ్వింది.

"మీ సిటీలో అన్నీ ఆలస్యమే కదరా."

పాలు స్టవ్ మీద పెట్టి కుర్చీలో కూర్చుంది. పొంగి కారిపోతున్నా లేవలేదు. గుండె అన్నాడు డాక్టరు.

తల్లి పోయిన అతన్ని పెంచింది ఆవిడే. చిన్న ఊళ్ళో బస్సు కండక్టరు. తన రూట్లో ఎవరు ఎక్కడ దిగాలో వాళ్ళకన్నా ఆమెకే బాగా తెలుసు. నిద్రపోయేవాళ్ళని భుజం తట్టి లేపి మరీ దింపేది. రిటైరయ్యాక మోకాళ్ళు మొరాయిస్తుంటే అతనే తన దగ్గరికి తీసుకొచ్చాడు. ఏడో అంతస్తులో ఇల్లు. కిటికీలోంచి చూసి, ఊళ్ళన్నీ మూటలు కట్టి ఒకదానిమీద ఒకటి పేర్చారంది. ఇక్కడి బస్సుల్లో కండక్టరే ఉండడని తెలిసి కాస్త బెంగపడింది. అన్నిటికన్నా వింతగా తోచింది మాత్రం లిఫ్టు.

"ఇంతమంది ఇంత దగ్గరగా నిలబడి ఒక్కరూ పలకరించుకోరేంట్రా? ఎవరైనా పోయారా?"

మర్నాటి నుంచి ఆ లోటు తానే తీర్చింది. మీటల పక్కన నిలబడి, ఎక్కినవాళ్ళనల్లా "ఎందాకా?" అని అడిగి నొక్కేది. వెనక ఖాళీయేగా, లోపలికి జరగమనేది. ఒకసారి అతని పై అధికారి ఎక్కాడు. అదే బిల్డింగులో ఆయనది పదో అంతస్తు. పిన్ని ఆయన్నీ ఓ మూలకి జరిపి, "మా చంటాడు దిగాలి, దారివ్వండి బాబూ" అంది. టై కట్టుకున్న చంటాడికి తల కొట్టేసినట్టయింది. అధికారి మొహంలో కదిలింది నవ్వో వెటకారమో చూసే ధైర్యం లేక నేలచూపులు చూశాడు.

ఆ సాయంత్రం, నీ మీద అందరూ కంప్లైంట్ చేస్తున్నారని చెప్పాడు. నిజానికి ఎవరూ చెయ్యలేదు. "అలాగా నాన్నా, నాకు తెలీలేదు" అని ఆమె మడతపెట్టిన బట్టలే మళ్ళీ మళ్ళీ మడతపెట్టింది. ఆ తర్వాత లిఫ్టులో ఆమె గొంతు ఎవరికీ వినబడలేదు. పోనీలే, సిటీ పద్ధతి వంటబట్టిందని అతను స్థిమితపడ్డాడు.

పిన్ని పోయిన కొన్నాళ్ళకి ఆ అధికారి పరామర్శకు వచ్చాడు. డాక్టరు సలహా మీద తాను రోజూ మెట్లెక్కుతున్నాననీ, ఆవిడతో అసలు పరిచయం అక్కడేననీ చెప్పాడు. మూడో అంతస్తు మలుపులో పాల ప్యాకెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, కిందనుంచి వచ్చే తనని "ఎందాకా?" అని అడిగేదట.

"మోకాళ్ళ నొప్పులు కదా, లిఫ్టులో వెళ్ళొచ్చుగా అన్నానండీ ఒకసారి" అన్నాడాయన. "'అందులో ఎక్కితే నా నోరు ఊరుకోదు బాబూ, మా చంటాడికి తలవంపులు' అంది."