శ్యామల అడుగులకు సేటు కొట్టిన గంట్లు

తాండూరు నుంచి కొడంగల్ పోయే బస్సులో శ్యామల ఎక్కితే, ఆడవాళ్లు ఇప్పటికీ ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటారు. ఆమెకు యాభై ఆరేళ్లు. తల నెరిసింది, ఎడమ మోకాలు సరిగా వంగదు. అయినా ఈ దిక్కు జనానికి ఆమె యక్షగానంలో రాణి వేషం కట్టిన శ్యామలే, మల్లేశ్వర్ సేటు మనసుపడ్డ శ్యామలే. సేటు ఆమెకు బంగళా కట్టించాడని కొందరంటారు. ఆమే ఆయనకు మందు పెట్టిందని మరికొందరంటారు. బంగళా లేదు, మందూ లేదు. స్టేషన్ వెనక రేకుల ఇంట్లో జాకెట్లు కుట్టుకుని బతుకుతుంది.

వాళ్ల మొదటి చూపు కూడా చూపు కాదు. అప్పటికి ఆమెకు ఇరవై ఏడేళ్లు, తండ్రి నడిపే మేళంలో పాడేది. మల్లేశ్వర్‌కు అప్పటికే రెండు నాపరాతి గనులు, మూడు పాలిష్ యూనిట్లు ఉన్నాయి. ఒక సాయంత్రం ఆయన జీపు టైరు పంక్చరై, ఆట జరుగుతున్న ఊరి పక్కనే ఆగింది. తెర వెనక నుంచి ఆమె పాట వినిపించింది. టైరు మార్చడం అయిపోయాక కూడా ఆయన కదలలేదు. అప్పటి నుంచి మేళం ఏ ఊళ్లో దిగినా జీపు వచ్చేది. ఆట అయ్యాక మేళంతో కలిసి చాయ్ తాగేవాడు. ఆమె కొబ్బరినూనెతో ముఖం రంగు తుడుచుకుంటుంటే అద్దం పట్టుకునేవాడు. దేశమంతా చెప్పుకున్న ప్రేమలో ఎక్కువ భాగం ఆ అద్దం పట్టుకోవడమే.

ఆయనకు భార్య ఉంది, కొడుకు ఉన్నాడు. ఒకసారి పెళ్లి మాట ఎత్తాడు.

"ఇంట్ల ఆమెను ఏడిపించి నేనేం పాడుత సేటూ?" అంది శ్యామల. ఆయన మళ్లీ అడగలేదు. అట్లా పద్దెనిమిదేళ్లు గడిచాయి.

తర్వాత ఆయన ఆమె పుట్టిన ఊళ్లో, బడి ముందు, మేళం ఆడుకోవడానికి రాతి అరుగు వేయించాడు. తాండూరు మనిషికి రాయి ఇవ్వడమంటే మెరిసే రాయి ఇవ్వడమే. నలుగురి ముందు గరుకు బండ పరిస్తే చిన్నతనం. అందుకని ముఖం కనబడేదాకా పాలిష్ పట్టించాడు. శ్యామల బొటనవేలితో రుద్ది చూసింది. గజ్జెలు కట్టిన పాదానికి చెమట పడితే ఈ రాయి నిలవనివ్వదని ఆమెకు అప్పుడే తెలిసింది. "గోనెసంచులు పరుద్దాం చెల్లె" అన్నాడు అన్న జంగప్ప.

"ఆయన ఇచ్చిన రాయి మీద గోనె కప్పుతమా?" అంది.

ఆ అరుగు మీద మొదటి ఆటలో, మూడో అడుగుకే జారింది. మోకాలు విరిగింది. వెనక వరుసల్లో ఎవరో నవ్వారు. సేటు పరుగెత్తుకొచ్చి, ఊరంతా చూస్తుండగా ఆమెను ఎత్తుకుని జీపులో వేసుకున్నాడు. దవాఖానాలో చేర్పించి వెళ్లినవాడు పదకొండేళ్లు మళ్లీ ముఖం చూపించలేదు. తన రాయి ఆమె కాలు విరిచిందని ఆయనకు సిగ్గు. తెలిసి తెలిసి అడుగు పెట్టానని ఆమెకు సిగ్గు. ఈ మధ్యలో ఆయన భార్య చనిపోయింది. ఆయనకు పక్షవాతం వచ్చి కొంత తేరుకున్నాడు. వ్యాపారం కొడుకు సందీప్ చేతికిచ్చి, వికారాబాద్‌లో కొడుకు ఇంట్లోనే ఉంటున్నాడు.

మేళంలో రాణి వేషం రెబెక్కకు వచ్చింది. ఆదివారాలు చర్చిలో పాడే పిల్ల, గొంతు మంచిది. అరుగు మీద గోనెలు పరిచేవారు, రెబెక్క నడిచేది, శ్యామల పక్కన కూర్చుని పాట అందించేది. ఈ ఏడు శివరాత్రి మరునాటి ఆటకు రెబెక్కకు ఆరో నెల. హార్మోనియం దగ్గర కూర్చుంటాను తప్ప గజ్జె కట్టనంది.

"నేను కడుత" అంది శ్యామల.

"నువ్వా?" జంగప్ప తాళాలు కింద పెట్టాడు. "కుంటి రాణి కతనా ఆడేది?"

"కుంటిదైనా రాణే గద అన్నా."

"గోనెలు పరుస్త."

"వద్దు. గోనె ముడత పడితె నా కాలు తట్టుకుంటది. రాయి ఎవలిదో వాళ్లే బాగు జేస్తరు."

ఆ మధ్యాహ్నమే సేటుకు ఫోన్ చేసింది.

"నేను" అంది.

అవతల తలుపు మూసిన చప్పుడైంది. "ఎట్లున్నవ్?"

"నీ అరుగు మీద రాణి వేషం కడుతున్న. ఇంకా గట్లనే జారుతున్నది."

"మిషన్ పంపిస్త. పనోళ్లు ఒక్క పూటల..."

"మిషన్ పనితోనే మోకాలు వోయింది. నువ్వు రా."

మర్నాడు ఆయన ప్యాసింజర్ రైలెక్కి వచ్చాడు. కారు తీస్తే కొడుక్కి తెలుస్తుంది. చేతిలో గుడ్డసంచి, అందులో ఉలి, సుత్తి. మిషన్లు రాకముందు, పదహారేళ్లప్పుడు, కరణ్‌కోట గనిలో ఆయన బతుకు మొదలైంది ఉలితోనే.

"గింత ముసలోడివైనవేంది సేటూ!" అంది శ్యామల.

"నువ్వింకా పదహారేండ్ల పోరివే ఉన్నవ్ తియ్యి" అన్నాడాయన. రెబెక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అరుగును చేత్తో తడిమి చూశాడు. "పూర అరుగు కొట్టాలంటె నెల వడతది. నా చేతుల గంత బలం లేదు. తడికాళ్లతోని నడువు. నీ అడుగు పడ్డ కాడ్నే కొడత."

శ్యామల కాళ్ల మీద చెంబెడు నీళ్లు పోసుకుని, తెర కట్టే చోటి నుంచి నడుమ దాకా రాణి నడక నడిచింది. రెబెక్క ఆమె మోచేయి పట్టుకుంది. పదకొండు అడుగులు పడ్డాయి. కుడి పాదం నిండుగా, ఎడమ పాదం ఈడ్చినట్టు. ఎండకు తడి ఆరిపోతుంటే సేటు మోకాళ్ల మీద పాకుతూ బొగ్గుముక్కతో చుట్టూ గీశాడు.

"అడుగు పొట్టిగైంది" అన్నాడు.

"పొట్టిగ జేసినోడివి నువ్వే."

ఆయన ఉలి పట్టాడు. ఉలిని వాలుగా పెట్టి, గోరు మందం మించకుండా, పాదానికి అడ్డంగా గంటు మీద గంటు కొట్టుకుంటూ పోవాలి. లోతుకు పోతే ఈ రాయి పొరలు పొరలుగా లేచిపోతుంది. పక్షవాతం తగిలిన చేత్తో అది కష్టం. రెండు దెబ్బలు కొట్టి ఆగేవాడు, అరచేయి నేలకేసి రుద్దుకుని మళ్లీ రెండు దెబ్బలు. మూడు రోజులు, రోజూ రైలు దిగి వచ్చి, రోజుకు మూడు నాలుగు అడుగుల లెక్కన కొట్టాడు. రెండో రోజు జంగప్ప వచ్చి నిలబడ్డాడు.

"ఏం సేటూ, మా ఊర్ల కూలి పనికొచ్చినవా?"

"నీ చెల్లె పిలిచింది. వచ్చిన."

"పదకొండేండ్లు చెవులు పనిచెయ్యలేదా?"

"పిలిస్తె గద వినవడేది" అన్నాడు సేటు. జంగప్ప చెల్లెలి వైపు చూశాడు. ఆమె రాతి ముక్కలు ఏరుతోంది.

మూడో రోజు చివరి అడుగు అయ్యాక ఆయన ఉలిని సంచిలో పెట్టుకుంటూ, "ఇంట్ల ఆమె వోయి రెండేండ్లయింది" అన్నాడు.

"తెలుసు."

"ఇప్పుడన్న ఒస్తవా నాతోని?"

ఈ మాట కోసం ఎన్ని రాత్రులు ఎదురుచూసిందో ఆమెకే తెలుసు. అయినా వెంటనే సరే అనలేదు.

"ఆటకు రా. ఎనక నిలవడుడు కాదు. ముంగట, అందరి నడుమ కుర్చీల కూసో. గప్పుడు నీ ఎంబడి ఒస్త."

"సందీప్‌ను ముఖ్య అతిథి అని పిలిచిన్రు గద."

"వాని పక్కనే కూసో. ఇన్నేండ్లు నీ జీపు దూరంగనే ఆగింది. సాలు."

ఆయన సంచి మూతి కట్టి, విప్పి, మళ్లీ కట్టాడు. "వస్త" అన్నాడు.

ఇప్పుడు ఆటలు రాత్రంతా ఎవరూ చూడటం లేదు. సాయంత్రం నాలుగింటికే మొదలుపెట్టారు. సందీప్ శాలువా కప్పించుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. అతని పక్క కుర్చీలో ఎవరూ కూర్చోకుండా జంగప్ప తువ్వాల వేసి ఉంచాడు, చెల్లె చెప్పిందని.

వేషం రావడానికి ఒక పద్ధతి ఉంది. ఇద్దరు తెర పట్టుకుంటారు. దాని వెనక నుంచి వేషం తన రాకడ పాట పాడుతుంది: "ఏడు వాగులు దాటి రాణి వెడలేనే, ఎదురొచ్చిన వారెవరే?" తెరకు ముందున్న తాళం మనిషి జవాబు పాడతాడు: "ఊరంతా ఉన్నదమ్మా." మూడుసార్లు అడగడం, మూడుసార్లు చెప్పడం, తెర దించడం. తెర వెనక ఉన్నవాళ్లకు జనం కనబడరు.

శ్యామల ఒకసారి అడిగింది. జంగప్ప, "ఊరంతా ఉన్నదమ్మా" అన్నాడు.

రెండోసారి ఆమె పాట మార్చింది. "ముందరి పీట మీద ఎవరే?"

కొత్త చరణం అనుకుని జనం ఉషారయ్యారు. జంగప్ప తాళం ఒక దెబ్బ తప్పింది. ఇన్నేళ్లలో ఆయన సేటు గురించి ఒక్క మంచి మాట అనలేదు. తువ్వాల వేసిన కుర్చీ వైపు చూశాడు. అదే రాగంలో, "పీట ఖాళీగ ఉన్నదమ్మా" అన్నాడు.

"రైలు దిగినవారు లేరే?"

జంగప్ప మెడ చాచి రోడ్డు దాకా చూశాడు. "దారిలో ఎవరూ లేరమ్మా."

మూడుసార్లు అయిపోయింది. తెర పట్టుకున్నవాళ్లు దించబోతే శ్యామల లోపలి నుంచి గుడ్డ గట్టిగా పట్టుకుంది. నాలుగోసారి అడిగింది, ఐదోసారి అడిగింది. రెబెక్క హార్మోనియం మీద శ్రుతి వదలకుండా నిలబెట్టింది. ముందు వరుసలో సందీప్ ఫోన్ తీసి చూసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆరోసారికి జంగప్ప తాళం ఆపి పాడాడు.

"రాలేదమ్మా... రాణీ, పొద్దు వాలుతున్నదమ్మా... ఊరు నీ కోసమే ఉన్నదమ్మా..."

అబద్ధం చెబుతాడేమోనని ఆమె భయపడింది. చెప్పలేదు. అన్న పాట ఆగేదాకా వింది, తర్వాత తెర తానే వదిలేసింది.

ఎండ కళ్లలో పడింది. కుడి పాదం మొదటి గంట్ల మీద పెట్టింది. రాయి పాదాన్ని పట్టుకుంది. ఎడమ కాలు ఈడ్చి రెండో అడుగు వేసింది. మోకాలు సలిపింది. ఖాళీ కుర్చీ వైపే చూస్తూ, గొంతు ఎత్తి, మూడో అడుగు వేసింది.